16 గంటలు ఆపడం సరే, మిగతా 8 గంటల్లో ఏం తింటున్నారు?

ఈ నెల శీర్షికకు నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్ గురించే. రోజులో 16 గంటలు ఏమీ తినకుండా, తినేదంతా 8 గంటల్లో ముగించడాన్ని 16:8 అంటున్నారు. 14:10, 12:12 అంతకంటే తేలికైనవి. ఇవి ఆడవాళ్లకు మంచివా కావా అని ఒక్క ముక్కలో చెప్పమని చాలామంది అడిగారు. వయసు, బరువు, నెలసరి, వాడుతున్న మందులు తెలియకుండా ఆ ఒక్క ముక్క చెప్పలేం. అందుకే ఎవరి జవాబు వాళ్లకు విడిగా ఇస్తున్నాం. పేర్లు తీసేశాం.

ప్రశ్న (కావలి): నా వయసు 27. ఎత్తు 158 సెంటీమీటర్లు. అయిదు నెలల కిందట 55 కిలోలుండేదాన్ని, ఇప్పుడు 51. వీడియోలు చూసి పొద్దున టిఫిన్ మానేశాను. మధ్యాహ్నం 12కి ఒక కప్పు అన్నం, పప్పుచారు, కూర. సాయంత్రం టీ, రెండు బిస్కెట్లు. రాత్రి 8 లోపల రెండు చపాతీలు. రోజూ గంటసేపు గట్టిగా నడుస్తాను. నెలసరి 45 రోజులకు వస్తా ఉండింది, పోయిన నెల అసలు రాలేదు. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోతోంది. ఇంకో మూడు కిలోలు తగ్గాలని ఉంది. కొనసాగించనా?

జవాబు: వద్దమ్మా. రేపు పొద్దున్నుంచే టిఫిన్ తినండి.

55 కిలోలప్పుడు కూడా మీరు లావు కాదు. ఎత్తుకు తగ్గ బరువు చూసే బీఎంఐ మన దేశంలో 18.5 నుంచి 22.9 దాకా ఉంటే సరైనదని లెక్క. అప్పుడు మీది 22, ఇప్పుడు 20.4. తగ్గాల్సిన కొవ్వు పెద్దగా లేని ఒంట్లో కండ కూడా కరుగుతుంది, ఎముక బలం తగ్గుతుంది.

మీరు రాసిన తిండిని లెక్క కడదాం. కప్పు అన్నం 200 కేలరీలు, పప్పుచారు, కూర కలిపి మరో 200. టీ బిస్కెట్లు 150. చపాతీలు రెండు, పక్కన కూర 300. మొత్తం 850. గంట నడకకు దాదాపు 200 ఖర్చయిపోతే మిగిలింది 650. మీ 51 కిలోల్లో కొవ్వు తీసేస్తే ఉండేది సుమారు 37 కిలోలు. అంటే కిలోకు 18 కేలరీలు కూడా అందడం లేదు. 30 కంటే కిందికి పోతే నెలసరిని నడిపే హార్మోన్ల లయ తప్పుతుందని 2003లోనే పరిశోధకులు చూపించారు. నెలసరి సక్రమంగా ఉన్న యువతులకు అయిదు రోజులు తిండి తగ్గించినందుకే, అండం విడుదల చేయించే ఎల్‌హెచ్ అనే హార్మోను విడుదలయ్యే తీరు మారింది. మీరు అయిదు నెలలుగా అలా ఉన్నారు.

ఒంటికి తిండి చాలనప్పుడు మెదడులోని హైపోథాలమస్ గర్భం మోసే పనిని వాయిదా వేస్తుంది. అండం విడుదల కాదు, ఈస్ట్రోజన్ తగ్గుతుంది, నెలసరి ముందు ఆలస్యమై తర్వాత ఆగిపోతుంది. గర్భసంచిలో లోపం లేకపోయినా ఇలా జరుగుతుంది. కాబట్టి నెలసరి రప్పించే మాత్రలు వేసుకుని సరిపోయిందనుకోవద్దు. ఆ మాత్ర ఆపగానే వచ్చే రక్తస్రావం వల్ల అండం విడుదల మొదలైనట్టు కాదు.

చేయాల్సింది ఇది. పెళ్లయి ఉంటే, గర్భానికి అవకాశం ఉంటే ముందు మూత్ర పరీక్ష చేసుకోండి. తిండి లేని సమయాన్ని రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా, 12 గంటలకు దించండి. పొద్దున రెండు పెసరట్లు, అల్లం పచ్చడి. లేదా మూడు ఇడ్లీలు, కప్పు సాంబారు, ఒక ఉడికించిన గుడ్డు. మధ్యాహ్నం ఒకటిన్నర కప్పు అన్నం, పలచటి చారు బదులు గరిటె నిలిచేంత గట్టి పప్పు ఒక కప్పు, చెంచా నెయ్యి, కూర, పెరుగు. నాలుగింటికి గుప్పెడు, అంటే 30 గ్రాముల వేయించిన వేరుశనగపప్పు. రాత్రి 8 లోపలే చపాతీలు మూడు, కూర, గ్లాసు పాలు. ఇదంతా 1700, 1800 కేలరీలకు వస్తుంది. నడక అరగంట చాలు. కిలో, రెండు కిలోలు పెరుగుతారు. అది రావాల్సిన బరువే, చూసి భయపడవద్దు.

నెలసరి తిరిగి గాడిన పడడానికి కొందరికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. వరుసగా మూడు నెలలు రాకపోతే మాత్రం ఇంట్లో కూర్చోకుండా గైనకాలజిస్టును కలవండి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్), ప్రొలాక్టిన్ (పాల హార్మోను), హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఐరన్ నిల్వ) పరీక్షలు చూస్తారు, అవసరమైతే స్కాన్ తీస్తారు. జుట్టు సంగతి కూడా ఇందులోదే. తిండి తగ్గిన రెండు మూడు నెలలకు ఊడడం మొదలవుతుంది, తిండి సరయ్యాక ఆగడానికి కూడా అన్నే నెలలు, ఒక్కోసారి ఆరు నెలలు పడుతుంది. ఈలోపు బయోటిన్ సీసాలకు డబ్బు పోయవద్దు. ఆ డబ్బుకు గుడ్లు వస్తాయి.

ప్రశ్న (ఒంగోలు): 24 ఏళ్లు, 156 సెంటీమీటర్లు, 74 కిలోలు. పీసీఓఎస్ (అండాశయాల హార్మోన్ల సమస్య) అన్నారు. నెలసరి రెండు మూడు నెలలకోసారి. మెట్‌ఫార్మిన్ 500 రోజుకు రెండు వేసుకుంటున్నాను. బట్టల షాపులో పని, రాత్రి 9కి ఇంటికొస్తాను. మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 9.30 వరకు తినేటట్టు 16:8 మొదలుపెట్టాను. ఆకలి తట్టుకోలేక రాత్రి ఎక్కువ తినేస్తున్నాను. రెండు నెలల్లో కిలో కూడా తగ్గలేదు.

జవాబు: కావలి పాఠకురాలికి వద్దన్నది మీకు పనికిరావచ్చు. పీసీఓఎస్ ఉన్న చాలామందిలో ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయక అది ఎక్కువ ఎక్కువగా తయారవుతుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాల చేత మగ హార్మోన్లు పుట్టిస్తుంది. బరువులో 5 శాతం, మీకైతే 3.7 కిలోలు తగ్గినా నెలసరి దారిలోకి రావడం మొదలవుతుంది. పదిహేను, ఇరవై కిలోల లక్ష్యం ఇప్పుడే పెట్టుకోవద్దు.

మీ దగ్గర లోపం ఎన్ని గంటలన్న దాంట్లో లేదు, ఏ వేళ అన్న దాంట్లో ఉంది. పొద్దుటి పూట ఇన్సులిన్ బాగా పనిచేస్తుంది, రాత్రి మందగిస్తుంది. పొద్దున ఆకలితో మాడ్చి రాత్రి 9.30కి మూడు కప్పుల అన్నం తింటే చక్కెర ఎక్కువగా పెరిగే వేళకే ఎక్కువ తిన్నట్టు. అందుకని తినే సమయాన్ని పొద్దుటికి జరపండి. 8.30కి టిఫిన్, 1.30కి భోజనం, సాయంత్రం 6.30కి రాత్రి భోజనం. షాపులో టీ తాగేందుకు వదిలే పది పదిహేను నిమిషాల్లో టీ బదులు డబ్బా తెరవండి. రెండు జొన్నరొట్టెలు, గట్టి పప్పు లేదా గుడ్ల పొరటు, కీరా ముక్కలు. వీటికి వేడి చేయాల్సిన పని లేదు, అక్కడే తినేయొచ్చు. ఇంటికొచ్చాక పలచటి మజ్జిగ ఒక గ్లాసు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఇది 14:10 అవుతుంది. మొదటి రెండు వారాలు 12 గంటలతో మొదలుపెట్టి, తర్వాత వారానికి గంట చొప్పున 14కు రండి. మీకు 16 అక్కర్లేదు.

టిఫిన్ విషయంలో ఒక మాట. నాలుగు దోసెలు, కారం, పప్పులపొడి, నెయ్యి మన దగ్గర మామూలే. కానీ అందులో మాంసకృత్తులు చాలా తక్కువ, పదకొండింటికల్లా మళ్లీ ఆకలేస్తుంది. దోసెలు రెండుకు తగ్గించి రెండు గుడ్లు గానీ, కప్పు ఉలవ గుగ్గిళ్లు గానీ చేర్చండి. ఆదివారం కూడా ఇదే వేళలు. ఆరు రోజులు పాటించి ఏడో రోజు పన్నెండింటికి లేచి తినేవాళ్లకు సోమ, మంగళవారాలు మళ్లీ ఆకలితో గడుస్తాయి.

గంటలు పాటిస్తే చాలు, ఎంత తిన్నా తగ్గుతామన్న నమ్మకం కూడా వదలాలి. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఊబకాయం ఉన్న 139 మందిని ఏడాది పాటు పరిశీలించి 2022లో ఫలితాలు ప్రకటించారు. అందరూ కేలరీలు తగ్గించారు, సగం మంది మాత్రం పొద్దున 8 నుంచి సాయంత్రం 4 లోపే తిన్నారు. ఏడాది చివర రెండు గుంపుల బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వేళ నియమం తిండి తగ్గించుకోవడానికి ఒక పద్ధతి, అంతే. కొందరికి అది కుదురుతుంది. కుదరకపోతే మానేసి మూడు పూటలా కొలత ప్రకారం తిన్నా ఫలితం అదే.

మెట్‌ఫార్మిన్‌ను ఖాళీ కడుపున వేసుకోవద్దు, వాంతి, విరేచనాలు పట్టుకుంటాయి. టిఫిన్‌తో ఒకటి, 6.30 భోజనంతో ఒకటి. ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గొచ్చు కాబట్టి ఏడాదికోసారి ఆ పరీక్ష చేయించుకోండి. ఇంకోటి, బరువు తగ్గేకొద్దీ అండం మళ్లీ విడుదలవుతుంది. నెలసరి రావడం లేదు కదా అని గర్భం రాదనుకుని ఉన్నవాళ్లు కొందరు అప్పుడే గర్భం దాలుస్తారు. పెళ్లయినవాళ్లు ఇప్పుడే బిడ్డ వద్దనుకుంటే ఆ జాగ్రత్త ముందే తీసుకోవాలి. గర్భం నిలిచిందని తెలిసిన రోజే ఫాస్టింగ్ ఆపేసి డాక్టర్‌ను కలవాలి.

ప్రశ్న (కోవూరు): థైరాయిడ్ మాత్ర పొద్దున 6కి వేసుకుంటాను. మాత్ర వేసుకుంటే ఫాస్టింగ్ చెడుతుందా? టిఫిన్ 11కి మార్చాను కాబట్టి మాత్ర కూడా 10.30కి మార్చనా?

జవాబు: మాత్ర, గ్లాసు మంచినీళ్లు ఫాస్టింగ్‌ను చెడగొట్టవు. వేళ మార్చకండి, 6కే వేసుకోండి. తర్వాత కనీసం అరగంట, వీలైతే గంటసేపు కాఫీ కూడా వద్దు. చాలామంది ఫాస్టింగ్‌లో ఉన్నాం కదా అని మాత్ర మింగిన వెంటనే బ్లాక్ కాఫీ తాగుతారు, మందు సరిగా ఒంటికి పట్టక టీఎస్‌హెచ్ పెరుగుతుంది. కాల్షియం, ఐరన్ మాత్రలుంటే థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటల దూరం పెట్టండి. బరువు బాగా తగ్గితే మోతాదు మారాల్సి రావొచ్చు, ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ చూపించుకోండి.

ప్రశ్న (తంగుటూరు): పొగాకు గ్రేడింగ్ పనికి పోతాం. పొద్దన్నే ఆరింటికి టీ తాగి పోతే ఒంటిగంటకు గానీ కూడు తినేది లేదు. మధ్యలో ఇంకో రెండు టీలు. శనివారం ఒక్కపొద్దు, కార్తీక మాసంలో సోమవారాలు కూడా ఉంటాను. వయసు 38. రక్తం 8.6 ఉండాదన్నారు. నెలసరి ఎనిమిది రోజులు పోతాది. మా అమ్మాయి కాలేజీలో చదవతా ఉండాది, ఇట్టా కడుపు ఖాళీగా ఉంచితే మంచిదే అంటాది. నిజమేనా?

జవాబు: మీ అమ్మాయి చెప్పినది బరువు ఎక్కువుండి, రక్తం సరిపడా ఉన్నవాళ్లకు. మీకు కాదమ్మా. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. 8.6 అంటే మధ్యస్థాయి రక్తహీనత, 8 కంటే దిగితే తీవ్రమైనదిగా లెక్క. ఇది మీ ఒక్కరి బాధ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే.

ముందు రక్తం ఎక్కడ పోతోందో చూడాలి. ఎనిమిది రోజులు నెలసరి అంటే ఎక్కువే. రెండు గంటలకోసారి గుడ్డ గానీ ప్యాడ్ గానీ మార్చాల్సి వస్తోందా, రూపాయి బిళ్ల కంటే పెద్ద రక్తపు గడ్డలు పడుతున్నాయా చూసుకోండి. అలా ఉంటే గర్భసంచిలో కణితులు (ఫైబ్రాయిడ్లు) ఉన్నాయేమో స్కాన్ చేయాలి. రక్తం పోయే ఆ దారి మూయకుండా ఎన్ని మాత్రలు మింగినా రక్తం నిలవదు.

మాత్రల సంగతి. ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు, మీ ఆశా కార్యకర్తను అడగండి. రోజుకు ఎన్ని అన్నది అక్కడి డాక్టర్ చెబుతారు. కడుపులో తిప్పితే రాత్రి తిన్న గంటన్నరకు, నిమ్మకాయ పిండిన నీళ్లతో వేసుకోండి. పాలతో, టీతో వద్దు. విరేచనం నల్లగా అవుతుంది, భయం లేదు. సరిగా వేసుకుంటే నెల తిరిగేసరికి హిమోగ్లోబిన్ దాదాపు ఒక గ్రాము పెరగాలి. పెరగలేదంటే మందు ఒంటికి పట్టడం లేదు, లేదా రక్తం ఇంకా పోతోంది. 12 వచ్చిందని ఆపేయకండి, ఇంకో మూడు నెలలు వాడితేనే ఒంట్లో నిల్వ ఏర్పడుతుంది. నులిపురుగుల మాత్ర అల్బెండజోల్ కూడా ఒకటి అడిగి వేసుకోండి.

తిండి విషయంలో మీరు మొదట మార్చాల్సింది టీ. తిన్న వెంటనే తాగే టీ ఆ కూటిలోని ఐరన్‌ను కట్టేస్తుంది. తినడానికి గంట ముందు, తిన్న గంట తర్వాత అయితే ఫర్వాలేదు. ఆరింటికి టీ బదులు రాత్రి నానబెట్టిన సద్దన్నంలో పెరుగు, ఉల్లిపాయ, పక్కన గుప్పెడు వేరుశనక్కాయలు. అయిదు నిమిషాలు చాలు. పది గంటలకు టీ మానేసి బొబ్బర్లో శనగలో ఉడకబెట్టి పట్టుకుపోయిన గుగ్గిళ్లు, నిమ్మకాయ పిండి తినండి. వారంలో రెండు మూడు రోజులు మునగాకు పప్పు గానీ, తోటకూర గానీ. మాంసం తినేవాళ్లయితే వారానికోసారి మేక కార్జం 75 గ్రాములు, రెండు రోజులు చేపలు. ఎండు నెత్తళ్లు ముళ్లతో సహా తింటారు కాబట్టి సున్నం కూడా అందుతుంది. ఉప్పు ఎక్కువుంటుంది, రెండుసార్లు కడిగి వండుకోండి, బీపీ ఉంటే వద్దు.

తినే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆకు ముట్టిన చేతుల నుంచి నికోటిన్ ఒంట్లోకి పోతుంది, తడి పచ్చాకు కొట్టేప్పుడు మరీ ఎక్కువ. తల తిరగడం, వికారం వస్తే ఆకలి వల్లనో రక్తం తక్కువ వల్లనో అనుకుని ఊరుకుంటారు. నికోటిన్ ఆకలిని కూడా చంపుతుంది. మీకు ఒంటిగంట దాకా ఆకలి తెలియకపోవడానికి అది కూడా కారణం కావొచ్చు.

శనివారం మొక్కు మానమని మేం చెప్పం. రక్తం 11 దాటేదాకా ఒక్కపొద్దు రోజు అన్నం బదులు పగలు పాలు, అరటిపండు, జామకాయ, గుగ్గిళ్లు తీసుకోండి, రాత్రి టిఫిన్ కడుపునిండా తినండి. మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ, కాళ్ల వాపు కనిపిస్తే ఆ రోజు పనికి పోకుండా ఆసుపత్రికి పోవాలి.

ప్రశ్న (నెల్లూరు): మా అమ్మకు 54 ఏళ్లు. సుగర్ పదేళ్లుగా ఉంది. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ వాడుతోంది. రంజాన్‌లో రోజాలు తప్పక ఉంటానంటుంది. పోయినసారి సాయంత్రం అయిదింటికి చెమటలు పట్టి పడిపోయింది. ఎలా?

జవాబు: పడిపోవడం వెనక ఆకలితో పాటు మాత్ర ఉంది. గ్లిమెపిరైడ్ తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. సహర్‌లో (తెల్లవారుజామున తినే వేళ) వేసుకున్న మాత్ర పగలంతా పనిచేసి, సాయంత్రానికి రక్తంలో చక్కెరను 70 కంటే కిందికి దించి ఉంటుంది. మెట్‌ఫార్మిన్‌తో ఒక్కదానితో ఇలా జరగడం అరుదు.

రంజాన్‌కు నెలన్నర, రెండు నెలల ముందే డాక్టర్‌ను కలిసి, పోయినసారి జరిగింది కూడా చెప్పండి. రోజుకు ఒకసారి వేసుకునే గ్లిమెపిరైడ్‌ను సాధారణంగా ఇఫ్తార్‌కు మారుస్తారు, కొందరికి మోతాదు తగ్గిస్తారు, కొందరికి మాత్రనే మారుస్తారు. మీ అంతట మీరు మార్చవద్దు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు కూడా ఉన్నాయేమో చీటీ చూడండి. అవి మూత్రం ద్వారా చక్కెరను, నీటిని పంపేస్తాయి. 13, 14 గంటలు నీళ్లు కూడా ముట్టని రోజా, పైగా మన ఎండ. ఒళ్లు ఎండిపోతుంది, రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగే ప్రమాదమూ ఉంది. అది చక్కెర మామూలుగా కనిపిస్తున్నప్పుడు కూడా రావొచ్చు, అందుకే వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే మీటర్ అంకెను నమ్ముకుని ఆగవద్దు.

ఇంట్లో గ్లూకోమీటర్ తప్పనిసరి. వేలి నుంచి చుక్క రక్తం తీస్తే రోజా చెడదని మతపెద్దలు కూడా చెబుతున్నారు. మధ్యాహ్నం ఒకసారి, అసర్ (సాయంత్రం పూట నమాజు) తర్వాత ఒకసారి, ఒంట్లో ఏ తేడా అనిపించినా అప్పుడే చూడండి. 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా విడవాలి. ఇఫ్తార్‌కు పది నిమిషాలే ఉందని కూడా ఆగకూడదు. తగ్గినప్పుడు మూడు చెంచాల చక్కెర అరగ్లాసు నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంటకు మళ్లీ చూడండి. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అంతే ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

సహర్ మానేసి రాత్రే తిని పడుకోవడం మంచిది కాదు. సమయం ముగిసేముందు తినాలి, అందులో గుడ్డు, పప్పు, రొట్టె, పెరుగు ఉండాలి. ఇఫ్తార్‌లో ఖర్జూరం ఒకటి, నీళ్లు, ఆ తర్వాత భోజనం. ఖర్జూరాలు అయిదారు, రూహ్ అఫ్జా షర్బత్, సమోసాలు వరసగా పడితే రాత్రికి 300 దాటడం మామూలే. కిడ్నీ జబ్బు, ఇన్సులిన్ రెండు మూడు పూటలు, గడచిన మూడు నెలల్లో చక్కెర బాగా పడిపోయిన చరిత్ర ఉంటే రోజా ఉండకపోవడమే క్షేమం. రోగులకు మినహాయింపు ఖురాన్‌లోనే ఉంది. ఈ మాట డాక్టర్ చెబితే వినని పెద్దవాళ్లు ఇమామ్ గారు చెబితే వింటారు, ఆయన దగ్గరికి కూడా తీసుకెళ్లండి.

ప్రశ్న (ఆత్మకూరు): నాలుగు నెలల బాబుకు పాలిస్తున్నాను. కాన్పు తర్వాత పొట్ట తగ్గలేదు. 16:8 చేయవచ్చా?

జవాబు: ఇప్పుడు వద్దు. మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి మామూలుగా తినేదానిపైన రోజుకు 600 కేలరీలు ఎక్కువ కావాలని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. మీరు ఎక్కువసేపు తినకపోతే నీరసం, తలనొప్పి, నీళ్లు తక్కువై మలబద్ధకం వస్తాయి. పత్యం పేరుతో పప్పు, గుడ్డు, ఆకుకూర ఆపి ఉంటే అవి మళ్లీ మొదలుపెట్టండి. పొట్టకు అరగంట నడక, డాక్టర్ చూపించిన కటి కండరాల వ్యాయామాలు చాలు. బాబు అన్నం బాగా తినే వయసు వచ్చాక 12 గంటలతో మొదలుపెట్టే మాట ఆలోచించవచ్చు.

ప్రశ్న (నెల్లూరు): వయసు 50, నెలసరి ఆగి ఏడాది దాటింది. 68 కిలోలుండేదాన్ని. రోజుకు ఒక్కసారే తింటూ నెలన్నరలో 9 కిలోలు తగ్గాను. అందరూ మెచ్చుకున్నారు. ఇప్పుడు తిన్న గంటకు కుడివైపు డొక్క కింద పట్టేసినట్టు నొప్పి, వీపులోకి పోతోంది. గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాను.

జవాబు: గ్యాస్ అని సరిపెట్టుకోకుండా ఈ వారంలోనే పరగడుపున పొట్ట స్కాన్ తీయించుకోండి. మీరు రాసిన నొప్పి పిత్తాశయంలో రాళ్లకు సరిపోయే నొప్పి. పిత్తాశయం కొవ్వున్న తిండి పడినప్పుడు ముడుచుకుని పసరును వదులుతుంది. 22, 23 గంటలు ఏమీ పడకపోతే పసరు అక్కడే నిలిచి చిక్కబడుతుంది. వేగంగా బరువు తగ్గేటప్పుడు కాలేయం నుంచి కొలెస్ట్రాల్ పసరులోకి ఎక్కువగా వచ్చి చేరుతుంది. రెండూ కలిస్తే రాళ్లు. ఇవి మగవాళ్లకంటే ఆడవాళ్లకే ఎక్కువ. వారానికి కిలోన్నర తగ్గడం ప్రమాదపు హద్దు, మీరు దాదాపు అక్కడే ఉన్నారు. వారానికి అరకిలో చాలు. జ్వరం, చలి, కళ్లు పచ్చబడడం, ఆగని వాంతులు వస్తే స్కాన్ కోసం ఎదురుచూడకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

తగ్గిన 9 కిలోల్లో కండ కూడా ఉంది. నెలసరి ఆగాక ఈస్ట్రోజన్ లేక ఎముక ఎలాగూ పలచబడుతూ ఉంటుంది, దానికి ఇది తోడైతే జారిపడినప్పుడు మణికట్టు, తుంటి విరుగుతాయి. ఒక్కపూట భోజనంలో మీకు కావలసిన 55, 60 గ్రాముల మాంసకృత్తులు పట్టవు. మూడు పూటలకు పంచితే ఇలా వస్తాయి. రెండు గుడ్లలో 12, గట్టి పప్పు కప్పులో 9, రెండు చేప ముక్కల్లో (100 గ్రాములు) 18, పెరుగు కప్పులో 6, గుప్పెడు శనగల గుగ్గిళ్లలో 6, అన్నం రొట్టెల్లో 8. స్కాన్ వచ్చేదాకా చేపల పులుసు నూనె తేలకుండా వండించుకోండి, వేపుళ్లు వద్దు. కాల్షియం రోజుకు 1200 మిల్లీగ్రాములు కావాలి. పాలు, పెరుగు, రాగి సంగటి, నువ్వులతో చాలామటుకు అందుతుంది, మిగతాదానికి డాక్టర్ మాత్ర రాస్తారు.

నొప్పి సంగతి తేలాక వారానికి మూడు రోజులు బలం పెంచే వ్యాయామం చేయండి. చేతులు వాడకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం 10 సార్లు, నిమిషం ఆగి మళ్లీ, అలా మూడు విడతలు. గోడను ఆనుకుని తోయడం 10 సార్లు. లీటరు నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని మోచేయి మడవడం 12 సార్లు. తేలికనిపించాక రెండు లీటర్ల సీసాలు. నడక ఒక్కటే కండను నిలబెట్టదు. వేళ పాటించాలనిపిస్తే రాత్రి 7 నుంచి పొద్దున 7 దాకా 12 గంటలు మీకు హాయిగా సరిపోతాయి.

ప్రశ్న (సింగరాయకొండ): మా అమ్మాయి పదో తరగతి. లావుగా ఉన్నానని రాత్రి తిండి మానేసింది. గదిలో అద్దం ముందు గంటలు గంటలు ఉంటుంది.

జవాబు: ఎదిగే పిల్లలకు ఏ రకమైన ఫాస్టింగూ పనికిరాదు. ఎముక గట్టిపడే వయసది. అమ్మాయి తిన్నాక వెంటనే బాత్రూంకు వెళ్లడం, తిండి దాచడం, నెలసరి తప్పడం, అందరితో కలిసి తినకపోవడం కనిపిస్తే తిట్టకుండా మానసిక వైద్యులకు చూపించండి. ఇంట్లో ఎవరూ ఆమె ఒళ్లు గురించి, ఎదుటివాళ్ల ఒళ్లు గురించి మాట్లాడకుండా ఉండడం ఈరోజే మొదలుపెట్టవచ్చు.

ప్రశ్న (చీమకుర్తి): ఫాస్టింగ్ గంటల్లో మజ్జిగ, తేనె నిమ్మరసం, పాల కాఫీ తాగవచ్చా? ఎండలో తిరిగే పని.

జవాబు: మంచినీళ్లు, చక్కెర లేని నిమ్మనీళ్లు, జీలకర్ర నీళ్లు తాగొచ్చు. తేనె చెంచాకు 20 కేలరీలు, రెండు చెంచాలు పోస్తే చక్కెర నీళ్లు తాగినట్టే. పాల కాఫీ తినే గంటల్లోకి మార్చుకోండి. వట్టి కడుపున కాఫీ వరసగా పడితే గుండెల్లో మంట వస్తుంది. ఎండలో పనిచేసేవాళ్లు మాత్రం ఉప్పు వేసిన పలచటి మజ్జిగ నిరభ్యంతరంగా తాగండి. గ్లాసుకు 30, 40 కేలరీలు ఉంటాయి, వాటివల్ల బరువు తగ్గడం ఆగిపోదు. మే నెలలో రాతి క్వారీల దగ్గర చెమటతో పోయే ఉప్పు, నీరు తిరిగి ఒంట్లోకి చేరకపోతే పిక్కలు పట్టేస్తాయి, కళ్లు తిరుగుతాయి. బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఉప్పు ఎంత అన్నది డాక్టర్‌నే అడగాలి. మూత్రం ముదురు పసుపుగా వస్తుంటే ఆ రోజు ఫాస్టింగ్ ఆపేసి తినండి, నీళ్లు తాగండి.